పదివేల మంది వస్తారన్నారు, వంద మంది వచ్చారు: టిప్పు సుల్తాన్ నమ్ముకున్న దోస్తీ

టిప్పు సుల్తాన్ షహీద్ పేరు వినగానే మనకు పులి గుర్తొస్తుంది, శ్రీరంగపట్నం కోట గుర్తొస్తుంది, మే 4 గుర్తొస్తుంది. ఇంట్లో పిల్లలకు ఆ కథ చెప్పేటప్పుడు చాలామందిమి మీర్ సాదిఖ్ ద్రోహం దగ్గరే ఆపేస్తాం. లోపలివాడు మోసం చేశాడు, సల్తనత్ పోయింది, అంతే అంటాం. అది కథలో ఒక ముక్క మాత్రమే. సుల్తాన్ జీవితాన్ని మొదటినుంచీ చూస్తే ఇంకో ప్రశ్న ఆయన్ని పదిహేడేళ్ళు వెంటాడినట్టు కనిపిస్తుంది. నా పక్కన నిలబడతానన్న మిత్రుడు నిజంగా నిలబడతాడా? అతని దగ్గర బలం ఎంత, ఇష్టం ఎంత, ఓపిక ఎంత? ఈ లెక్క తేల్చుకోవడానికి ఆయన సముద్రాల అవతలికి మనుషుల్ని పంపాడు, వేలకు వేలు ఖర్చుపెట్టాడు. చివరికి ఆ లెక్కే తప్పింది.

కడప మనవడు

టిప్పు 1751లో బెంగళూరు దగ్గరి దేవనహళ్ళిలో పుట్టాడు. తండ్రి హైదర్ అలీ మామూలు సిపాయిగా మొదలై మైసూరు రాజ్యాన్ని చేతుల్లోకి తీసుకున్న మనిషి. తల్లి ఫాతిమా ఫఖ్రున్నిసా. ఆమె తండ్రి మీర్ మొయినుద్దీన్ కడప కోటకు కిల్లేదారుగా పనిచేసినవాడు. అంటే అమ్మ తరఫున టిప్పు మన కడప మనవడే. ఆర్కాటులోని టిప్పు మస్తాన్ ఔలియా దర్గా మీద ఉన్న అఖీదతో బిడ్డకు ఆ పేరు పెట్టుకున్నారు.

హైదర్‌కి చదువు రాదు. కొడుక్కి మాత్రం దగ్గరుండి చెప్పించాడు. ఫార్సీ, ఉర్దూ, కన్నడం వచ్చాయి. గుర్రపు స్వారీ, కత్తిసాము సరేసరి. పదిహేను, పదహారేళ్ళకే తండ్రి వెంట యుద్ధానికి వెళ్ళాడు. 1780 సెప్టెంబరులో కంచి దగ్గరి పొల్లిలూరులో కల్నల్ బైలీ సేనను ఓడించిన పోరులో టిప్పుదే ముఖ్యమైన పాత్ర. ఆ ఓటమి వార్త లండన్ దాకా పోయి అక్కడివాళ్ళకు నిద్ర లేకుండా చేసింది.

చిత్తూరు దగ్గర ఒక మరణం

1782 డిసెంబరు 7న హైదర్ అలీ చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట శిబిరంలో కన్నుమూశాడు. అప్పటికి టిప్పు ఎక్కడో పడమటి తీరంలో, మలబారు వైపు ఇంగ్లీషువాళ్ళతో పోరాడుతున్నాడు. శిబిరంలో ఉన్న పెద్దలు ఏం చేశారంటే, నవాబు పోయిన సంగతి బయటికి పొక్కనివ్వలేదు. ఏమీ జరగనట్టే రోజువారీ పనులు నడిపించారు. టిప్పుకి మాత్రం రహస్యంగా కబురు పంపారు. ఆయన హుటాహుటిన వచ్చి పగ్గాలు అందుకునే దాకా సేన చెక్కుచెదరలేదు. ఒక్క వార్త వేల మంది గుండెను నిలబెట్టగలదు, పడగొట్టగలదు అని టిప్పు తన పాలన మొదటి రోజునే చూశాడు.

తండ్రి నుంచి ఆయనకు రాజ్యంతోపాటు ఒక యుద్ధం వచ్చింది, ఒక దోస్తీ కూడా వచ్చింది. ఇంగ్లీషువాళ్ళ మీద ఫ్రెంచివాళ్ళు మైసూరుకు మిత్రులు. 1783 మార్చిలో ఫ్రెంచి సేనాని బుస్సీ కడలూరులో దిగాడు. ఈ బుస్సీ మన తెలుగువాళ్ళకు కొత్తవాడు కాదు. 1757 బొబ్బిలి యుద్ధంలో విజయరామరాజు పక్కన నిలబడినవాడు, హైదరాబాదు దర్బారులో ఒకప్పుడు చక్రం తిప్పినవాడు. కానీ ఇప్పుడు వచ్చింది ఆ బుస్సీ కాదు. అరవై దాటాయి, ఒంట్లో బాగాలేదు, కడలూరు దాటి కదల్లేదు. జూన్‌లో ఇంగ్లీషువాళ్ళు కడలూరు మీద పడ్డారు. ఘోరంగా పోరు జరుగుతుండగానే యూరప్‌లో సంధి కుదిరిందన్న కబురు ఓడలో వచ్చింది. అంతే, ఫ్రెంచివాళ్ళు కత్తులు ఒరలో పెట్టేశారు.

అదే సమయంలో టిప్పు మంగుళూరు కోటను ముట్టడించి ఉన్నాడు. ఆయన పక్కనే తుపాకులు పేలుస్తున్న ఫ్రెంచి దళం కూడా మాకు సంధి అయిపోయింది అంటూ పక్కకు తప్పుకుంది. కోట ఇంకో నాలుగు రోజుల్లో చేతికొస్తుందనుకున్న వేళ మిత్రుడు లేచి వెళ్ళిపోతే ఎలా ఉంటుంది? సుల్తాన్‌కి ఒళ్ళు మండిపోయింది. అయినా వెనక్కి తగ్గలేదు, ఒంటరిగానే ముట్టడి కొనసాగించాడు. 1784 మార్చి 11న ఇంగ్లీషువాళ్ళే మంగుళూరుకు వచ్చి సంధి మీద సంతకం పెట్టారు. ఆ రోజు టిప్పు గెలిచాడు. కానీ ఫ్రెంచివాళ్ళు మన పక్కన పోరాడాలా వద్దా అన్నది ఇక్కడ తేలే విషయం కాదు, పారిస్‌లో తేలే విషయం అని ఆయనకు అర్థమైంది.

సొంత కళ్ళతో చూసి రమ్మని

అందుకే పాండిచ్చేరి గవర్నర్లు చెప్పే తియ్యటి మాటలు నమ్మడం కంటే సొంత మనుషుల్ని పంపడం మేలనుకున్నాడు. అప్పట్లో ఒక హిందూస్థానీ పాలకుడు ఇలా ఆలోచించడం చిన్న విషయం కాదు.

1786లో గులాం అలీ ఖాన్ నాయకత్వంలో ఓ పెద్ద బృందం ఇస్తాంబుల్‌కి ఓడెక్కింది. సిపాయిలు, నౌకర్లు అందరూ కలిసి సుమారు 900 మంది. ఉస్మానియా ఖలీఫా మొదటి అబ్దుల్ హమీద్ దగ్గర సహాయం, వ్యాపారం, గుర్తింపు అడగడం వాళ్ళ పని. దారిలో తుఫాన్లు, రోగాలు చాలామందిని మింగేశాయి. దర్బారులో గౌరవం దక్కింది, కానుకలు దక్కాయి. సైన్యం మాత్రం దక్కలేదు. ఖలీఫా కష్టాలు ఖలీఫావి. 1787లో రష్యాతో యుద్ధం మొదలైంది. అలాంటప్పుడు ఇంగ్లీషువాళ్ళతో కొత్తగా వైరం తెచ్చుకునే స్థితిలో ఆయన లేడు.

రెండో బృందం 1787 జూలైలో పాండిచ్చేరి నుంచి ఫ్రాన్స్‌కి బయల్దేరింది. ముహమ్మద్ దర్వేష్ ఖాన్, అక్బర్ అలీ ఖాన్, ముహమ్మద్ ఉస్మాన్ ఖాన్ రాయబారులు. పదకొండు నెలలు ప్రయాణం చేసి 1788 జూన్‌లో తూలోన్ రేవులో దిగారు. పారిస్‌లో వీధుల నిండా జనం వాళ్ళ జామాలు, పగిడీలు చూడటానికి ఎగబడ్డారు. ఆగస్టులో వెర్సాయ్ మహల్‌లో పదహారో లూయీ రాజు స్వయంగా దర్బారు తీర్చి కలిశాడు. విందులు, నాటకాలు, సేవ్ర్ పింగాణీ కానుకలు, ఒకటేమిటి, మర్యాదలకు లోటు లేదు.

కానీ సైన్యం సంగతి ఎత్తితే రాజు జవాబు మెత్తగా జారిపోయింది. కారణం ఆ మహల్ గోడల వెనకే ఉంది. అదే ఆగస్టు నెలలో ఫ్రెంచి ఖజానా చెల్లింపులు ఆపేసింది. అప్పులవాళ్ళకే ఇవ్వడానికి డబ్బు లేని రాజు సముద్రాల అవతలికి సేనను ఎలా పంపుతాడు? రాయబారులు కొంతమంది పనివాళ్ళను, కానుకలను, స్నేహపు మాటలను వెంటబెట్టుకుని తిరిగొచ్చారు. వాళ్ళు వచ్చిన 1789లోనే పారిస్‌లో తిరుగుబాటు మొదలై, ఆ రాజు సింహాసనమే ఊగిపోయింది.

ఇక్కడే మనం ఒక్క నిమిషం ఆగాలి. మిత్రుడి బలం చూడమని పంపిన మనిషి ఏం చూసి రావాలి? తనకు ఎంత పెద్ద విందు ఇచ్చారన్నది కాదు. ఆ ఇంట్లో పొయ్యి రోజూ వెలుగుతోందా లేదా అన్నది. విందు ఒక్క రోజుది, యుద్ధం ఏళ్ళ తరబడి నడిచేది.

కొడుకుల్ని తాకట్టు పెట్టిన రోజు

1789 డిసెంబరులో టిప్పు తిరువాన్కూరు సరిహద్దు గోడ మీద దాడి చేశాడు. ఆ రాజు ఇంగ్లీషువాళ్ళకు మిత్రుడు. దాంతో కార్న్‌వాలిస్ యుద్ధం ప్రకటించాడు, హైదరాబాదు నిజాం, పూనా పేష్వా ఇద్దరినీ తనవైపు కలుపుకున్నాడు. ముగ్గురు ఒకవైపు, టిప్పు ఒక్కడు ఒకవైపు. 1791లో ఆయన లెజే అనే ఫ్రెంచివాడి ద్వారా పదహారో లూయీని 6,000 మంది సైనికుల కోసం అడిగాడు. రాజు ఒప్పుకోలేదు. పాండిచ్చేరి గవర్నర్ కూడా ఊరుకున్నాడు.

1791 మార్చిలో బెంగళూరు పోయింది. 1792లో శత్రువులు శ్రీరంగపట్నం గోడల దాకా వచ్చారు. సంధి షరతులు వింటే ఈనాటికీ గుండె బరువెక్కుతుంది. సగం రాజ్యం, 3 కోట్ల 30 లక్షల రూపాయలు, ఆ డబ్బు కట్టేదాకా ఇద్దరు కొడుకులు తాకట్టు. అబ్దుల్ ఖాలిఖ్, ముయిజుద్దీన్ ఇద్దరూ ఇంకా పసివాళ్ళే. వాళ్ళను ఏనుగుల మీద ఎక్కించి కార్న్‌వాలిస్ డేరాకి పంపారు. పిల్లలు తిరిగి ఇల్లు చేరింది 1794లో.

ఈ సంధిలోనే తాత కిల్లేదారుగా పనిచేసిన కడప, దాంతోపాటు గండికోట నిజాం వాటాకు పోయాయి. మన రాయలసీమలో చాలా ఇళ్ళకు ఇది పాత కథే. తాతలు ఒక సర్కారు కింద పడుకుని ఇంకో సర్కారు కింద లేచారు.

కలలో కనిపించిన సేన

ఓడిన తర్వాత కూడా సుల్తాన్ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. అప్పు కట్టాడు, కోట బాగుచేశాడు, సేనను సర్దుకున్నాడు. కానీ మనసులో ఆశ మాత్రం ఫ్రాన్స్ మీదే.

1797 మొదట్లో రిపో అనే ఫ్రెంచి నావికుడు పాడైన ఓడతో మంగుళూరు తీరానికి కొట్టుకొచ్చాడు. తాను ఫ్రెంచి సర్కారు మనిషినన్నాడు. మారిషస్ దీవిలో 10,000 మంది ఫ్రెంచి సైనికులు సిద్ధంగా ఉన్నారని, సుల్తాన్ కబురు పంపితే చాలు బయల్దేరతారని నమ్మబలికాడు. దర్బారు పెద్దలు ఇతని మాట నమ్మొద్దని, ఇతను మోసగాడిలా ఉన్నాడని హెచ్చరించారు. సుల్తాన్ వినలేదు.

ఎందుకు వినలేదు? ఆయన స్వయంగా ఫార్సీలో రాసుకున్న కలల పుస్తకం ఒకటి ఉంది. ఆయన షహాదత్ తర్వాత పడకగదిలో దొరికింది, ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులో 37 కలలున్నాయి. ఒక కలలో ఒక ఫ్రెంచి పెద్దమనిషి వచ్చి, 10,000 మందిని తీరంలో దించానని చెబుతాడు, సుల్తాన్ సంతోషిస్తాడు. రిపో చెప్పిన లెక్కా, కలలో లెక్కా ఒక్కటే. మనిషి దేనికోసం రాత్రింబవళ్ళు తపిస్తాడో, దాన్ని ఎవరైనా వచ్చి ఇదిగో అంటే కాదనడం ఎంత కష్టమో దీన్ని బట్టి తెలుస్తుంది. సుల్తాన్ తెలివి తక్కువవాడు కాదు, ఆశ ఎక్కువైనవాడు.

హసన్ అలీ, షేక్ ఇబ్రహీం అనే ఇద్దరిని రహస్యంగా మారిషస్ పంపాడు. 1798 జనవరిలో వాళ్ళు దిగి చూస్తే అక్కడ సేనా లేదు, ఏమీ లేదు. గవర్నర్ మలార్తిక్‌కి ఈ సంగతే తెలియదు. ఆయన చేసిన పని ఇంకా ఘోరం. రహస్యంగా ఉండాల్సిన మాటను జనవరి 30న ప్రకటన వేసి ఊరంతా చాటించాడు. టిప్పు సుల్తాన్ ఇంగ్లీషువాళ్ళ మీద యుద్ధానికి మన సాయం కోరుతున్నాడు, ఇష్టమున్నవాళ్ళు పేర్లు ఇవ్వండి అని దాని సారాంశం. ఏప్రిల్‌లో మంగుళూరులో దిగింది వంద మందికి అటూఇటూ. పదివేల మంది అన్న చోట వంద మంది. ఆ ప్రకటన కాగితం జూన్‌లో కలకత్తాలో కొత్త గవర్నర్ జనరల్ వెల్లస్లీ చేతికి చేరింది. యుద్ధానికి సాకు వెతుకుతున్నవాడికి అంతకంటే ఏం కావాలి?

హైదరాబాదులో తూచిన తూకం

ఇదే ఏడాది వెల్లస్లీ కూడా తన మిత్రుడి గుండె ఎంత గట్టిదో తూచి చూసుకున్నాడు. ఆ మిత్రుడు మన హైదరాబాదు నిజాం.

నిజాం అలీ ఖాన్‌కి ఇంగ్లీషువాళ్ళ మీద కోపం ఉంది. 1795లో ఖర్దా దగ్గర మరాఠాలు ఆయన్ని ఓడిస్తుంటే కంపెనీ సర్కారు చూస్తూ ఊరుకుంది. అందుకే ఫ్రెంచి సేనాని రేమాండ్ దళాన్ని పెంచుకున్నాడు. సుమారు 14,000 మంది. జనం ఆ రేమాండ్‌ను ప్రేమగా మూసా రహీం అన్నారు, మూసా రాం అన్నారు. మూసారాంబాగ్ పేరు ఆయనదే. 1798 మార్చిలో ఆయన చనిపోయాడు.

వెల్లస్లీ ఇండియాకి వస్తూ కేప్ రేవులో ఆగినప్పుడు, అంతకుముందు హైదరాబాదులో రెసిడెంటుగా ఉన్న విలియం కర్క్‌పాట్రిక్ కలిశాడు. దళంలో ఎంతమంది, అధికారులు ఎవరు, నిజాం మనసు ఎటు ఉంది, వజీర్ అరస్తూ జా ఏమనుకుంటున్నాడు, అన్నీ విడమర్చి చెప్పాడు. ఇక హైదరాబాదులో అతని తమ్ముడు జేమ్స్ కర్క్‌పాట్రిక్ రోజూ చూసింది చూసినట్టు రాస్తున్నాడు. మనకు ఖైరున్నిసా బేగం భర్తగా, కోఠీ రెసిడెన్సీ కట్టించినవాడిగా తెలిసిన మనిషే ఇతను. యుద్ధం వస్తే ఈ మిత్రుడు ఊగుతాడు, ఈ ఫ్రెంచి దళం ఉన్నంతకాలం నమ్మలేం అని వాళ్ళ లెక్క తేలింది. ఆ లెక్క చేదుగా ఉన్నా వెల్లస్లీ దాన్ని మింగాడు, మందు వెతికాడు.

1798 సెప్టెంబరు 1న నిజాంతో కొత్త ఒప్పందం. అక్టోబరు 22న కంపెనీ సేన ఫ్రెంచి దళం శిబిరాన్ని చుట్టుముట్టింది. జీతాలు అందక ఆ సిపాయిలు అప్పటికే తమ అధికారుల మీద తిరగబడి ఉన్నారు. కొన్ని గంటల్లో వేల తుపాకులు కింద పడ్డాయి, రక్తం చుక్క కారలేదు. నాలుగు నెలల తర్వాత అదే హైదరాబాదు నుంచి మీర్ ఆలం వెంట నిజాం సేన శ్రీరంగపట్నం దారి పట్టింది.

ఒక్కొక్క తలుపూ మూసుకుపోయింది

టిప్పుకి ఇంకా కొన్ని ఆశలు మిగిలి ఉన్నాయి. 1798 జూలైలో నెపోలియన్ ఈజిప్టులో దిగాడు. కానీ ఆగస్టు 1న నెల్సన్ అతని ఓడల్ని నాశనం చేశాడు. 1799 జనవరిలో నెపోలియన్ కైరో నుంచి టిప్పుకి రాసిన ఉత్తరం దారిలోనే ఇంగ్లీషువాళ్ళ చేతికి చిక్కింది, సుల్తాన్‌కి చేరనేలేదు. ఫ్రెంచివాళ్ళు ముస్లిం గడ్డ ఈజిప్టు మీదే పడటంతో ఖలీఫా మూడో సలీం ఆ ఫ్రెంచి స్నేహం మానుకోమని టిప్పుకి రాశాడు. ఆ ఉత్తరాన్ని చేరవేసింది ఇంగ్లీషువాళ్ళే.

అఫ్గాన్ పాలకుడు జమాన్ షా దగ్గరికీ సుల్తాన్ 1796లో రాయబారుల్ని పంపాడు. జమాన్ షా లాహోరు దాకా వచ్చాడు కూడా. అంతలో కంపెనీ తన మనిషి మెహదీ అలీ ఖాన్‌ను ఇరాన్ దర్బారుకు పంపి, అటువైపు నుంచి అఫ్గాన్‌కు చిక్కు తెప్పించింది. సొంత ఇంటికి ముప్పు రాగానే జమాన్ షా వెనుదిరిగాడు. వీళ్ళెవరూ పిరికివాళ్ళు కారు. ఎవరి ఇల్లు వాళ్ళకు ముందు, అంతే.

మే 4

1799 ఏప్రిల్‌లో శ్రీరంగపట్నం ముట్టడి మొదలైంది. కోటలో సుల్తాన్ పక్కన ఆ వంద మందిలో మిగిలిన ఫ్రెంచివాళ్ళు, వాళ్ళ అధికారి షాపుయి ఉన్నారు. కిర్మానీ రాసిన చరిత్ర ప్రకారం వాళ్ళు చివర్లో సుల్తాన్‌కి దారులు చూపించారు. కోట వదిలి వెళ్ళమన్నారు, కాదంటే తమను ఇంగ్లీషువాళ్ళకు అప్పగించి సంధి చేసుకోమన్నారు. సుల్తాన్ ఒప్పుకోలేదు. పరదేశం నుంచి నమ్మి వచ్చినవాళ్ళను శత్రువుకు అప్పగించడం ఆయన వల్ల కాదు.

ఇది గమనించండి. జీవితమంతా మిత్రులు తనను వదిలేసి వెళ్ళారు. తను మాత్రం చివరి గడియలో కూడా మిత్రుణ్ణి వదల్లేదు.

మే 4 మధ్యాహ్నం శత్రువు గోడ పగలగొట్టుకుని లోపలికి దూసుకొచ్చాడు. సుల్తాన్ భోజనం వదిలేసి లేచి, మామూలు సిపాయిలా గోడ మీద పోరాడాడు. నీళ్ళ దర్వాజా దగ్గర శవాల గుట్టల కింద ఆయన జనాజా దొరికేసరికి చీకటి పడింది. మర్నాడు గుంబజ్‌లో తండ్రి పక్కనే దఫన్ చేశారు.

మిగిలిన లెక్క

నిజాం గెలిచినవాళ్ళ పక్కన నిలబడ్డాడు. ఏం దక్కింది? 1792లోనూ 1799లోనూ మైసూరు నుంచి వచ్చిన జిల్లాలన్నీ 1800లో కంపెనీ సేన ఖర్చుల కింద కంపెనీకే ఇచ్చేయాల్సి వచ్చింది. అవే మన దత్త మండలాలు. టిప్పు తాత కిల్లేదారు చేసిన కడప అలా నిజాం చేతిలో ఎనిమిదేళ్ళుండి కంపెనీ పాలైంది. మిత్రుణ్ణి బాగా తూచి చూసుకున్న కంపెనీ, పని అయ్యాక ఆ మిత్రుణ్ణే మింగింది.

టిప్పు సుల్తాన్ ధైర్యం గురించి మన పిల్లలకు చెప్పాలి, తప్పకుండా చెప్పాలి. దాంతోపాటు ఈ రెండో సంగతి కూడా చెప్పాలి. ఆయన వేసిన ప్రశ్న సరైనదే. మిత్రుడి సత్తా ఎంత అని అడగడం, సొంత మనుషుల్ని పంపి చూడటం, అన్నీ సరైనవే. కానీ ఇస్తాంబుల్ నుంచీ వెర్సాయ్ నుంచీ వచ్చిన జవాబు ప్రతిసారీ లేదు అనే చెబుతుంటే, ఆయన మనసు ఇంకా ఔను కోసమే ఎదురుచూసింది. చివరికి ఔను అన్న మొదటి మనిషి రిపో. చేదు కబురు తెచ్చినవాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకోవడం, తియ్యటి కబురు తెచ్చినవాణ్ణి రెండుసార్లు అడగడం ఇంటికైనా, జమాత్‌కైనా, రాజ్యానికైనా అవసరమే.

శ్రీరంగపట్నం వెళ్ళినవాళ్ళు గుంబజ్ దగ్గర ఫాతిహా చదివి వస్తారు. ఈసారి వెళితే పిల్లలకు ఆ కలల పుస్తకం సంగతి కూడా చెప్పండి. అల్లాహ్ సుల్తాన్ షహీద్ దర్జాలను బులంద్ చేయుగాక.